చేదు నోటి తీర్పు

1961 జనవరి 16, సోమవారం

ఇంటికొచ్చాను. పద్నాలుగు రోజులు దవాఖాన కప్పు చూసీ చూసీ, మా ఇంటి పెంకులు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. రిక్షా దిగి గడప దాకా నడిచేసరికి ఒళ్లంతా చెమట. కుడి పక్కటెముకల కింద జానెడు కోత. కుట్లు విప్పారు గానీ, పక్కన గొట్టం పెట్టిన చిల్లు ఇంకా చెమ్మగానే ఉంది. దగ్గొస్తే దిండును కడుపుకి అదిమి పెట్టుకుని దగ్గాలి.

పిత్తాశయం కోసి పారేశారు. అందులో ఉన్న పదకొండు రాళ్లు మాత్రం చిన్న సీసాలో పోసి ఇచ్చారు. మా ఇంటామె భద్రమ్మ ఆ సీసా వంక చూడనంటోంది.

ఈ డైరీ, నాకు ఆపరేషన్ చేసిన కిషన్ రావు డాక్టరుగారికి ఎవరో మందుల ఏజెంటు ఇచ్చింది. ఆయన నాకిచ్చారు. "ఊకె పండుకుంటే మీకు తిక్క లేస్తది సేటూ, ఏమన్న రాసుకోండ్రి," అన్నారు. ఆరు వారాలు బరువెత్తొద్దు, బస్సూ బండీ ఎక్కొద్దు, నూనె వద్దు. నెయ్యి అసలే వద్దు. నెయ్యి వ్యాపారికి నెయ్యి వద్దన్నారు! నవ్వొచ్చింది. నవ్వితే కోత గుంజింది.

దుకాణం ఇన్నాళ్లూ మూసి ఉందనుకున్నాను. తీసే ఉందట. "ఎవరు కూర్చున్నారు?" అన్నాను. "నేనే," అంది భద్రమ్మ.

జనవరి 17

పొద్దున మంచం నుంచి తలుపు దాకా పదడుగులు. సాయంత్రం ఇరవై. రేపు ముప్పై.

జావ మాడింది. భద్రమ్మ మాడలేదంటుంది. మాడింది.

జనవరి 19

మజ్జిగ చేదు. చెంబుకి కళాయి పోయి ఉంటుంది. కళాయి పెట్టించమన్నాను. పోయిన దసరాకే పెట్టించామంది. అయితే ఆ కళాయివాడు మోసం చేశాడు.

ఎనభై అడుగులు.

జనవరి 21

పెరట్లో బావి దాకా వెళ్లొచ్చాను. సారంగపాణి చూడ్డానికొచ్చాడు. మా వరసలోనే ఐదో దుకాణం అతనిది. నెయ్యే అమ్ముతాడు, పోటీయే, కానీ మనసులో ఏమీ ఉండదు.

"కడుపుల గిన్ని రాళ్లు పెట్టుకొని గట్లనే తిరిగినవా రాజమన్నా? ఇల్లు గట్టుకుందువు గదనే!" అన్నాడు. దిండు పట్టుకుని నవ్వాను.

వెళ్తూ వెళ్తూ, "నువ్వు లేకపోయేసరికి బజారుకు నాలుకే లేదనుకో," అన్నాడు. అది పొగడ్త కాదు, ఉన్న మాటే. ఏ కుండ మీద అనుమానమొచ్చినా నా దగ్గరికే తెస్తారు. నేను బాగుందంటే బాగుంది, కాదంటే కాదు. నాన్న నేర్పిన విద్య. ముందు వాసన, తర్వాత అరచేతిలో పూస, చివర నాలుక.

జనవరి 24, మంగళవారం

సోమక్క వచ్చింది. మరిపెడ దగ్గరి పల్లె నుంచి పక్షానికోసారి బస్సులో రెండు కుండల నెయ్యి తెస్తుంది. కొంత తన బర్రెలది, కొంత దాయాదుల ఇళ్లలో పోగు చేసింది. నాన్న ఉన్నప్పటి నుంచి వస్తున్న మనిషి.

భద్రమ్మ తానే చూసి తీసుకుంటానంది. వద్దు, కుండలు లోపలికి తెప్పించమన్నాను. నేను మంచం మీదున్నానని నా నాలుక చూడని నెయ్యి నా దుకాణంలోకి రావడమేమిటి? సారంగపాణి నా పక్కనే కూర్చుని ఉన్నాడు. కొనడానికొచ్చిన ఇద్దరు ముగ్గురు దుకాణానికీ ఇంటికీ నడిమి తలుపులోంచి చూస్తున్నారు.

కుండలోంచి గిన్నెలోకి కొంచెం తీయించి, గోటి మీద ఆవగింజంత తీసుకున్నాను. అంతమాత్రానికి డాక్టరుగారేమీ అనరు. నాలుక మీద పెట్టానో లేదో, చేదు. గొంతు దాకా చేదు.

"ఇది నెయ్యి కాదు సోమక్కా. వనస్పతి కలిపినవ్."

ఆమె నేను పరాచికమాడుతున్నాననుకుంది. "ఆపరేషనైనా నీ మస్కిరీలు పోలేదు సావుకారి," అని నవ్వింది.

"మస్కిరీ కాదు. కల్తీ నెయ్యి నా దుకాణంల వద్దు. తీస్కపో."

నవ్వు ఆగిపోయింది. తలుపులో ఉన్నవాళ్ల వైపు చూసింది, సారంగపాణి వైపు చూసింది. "జర మల్ల చూడు సావుకారి. నాలుగిండ్ల నెయ్యి గది. పిల్లల నోట్లె పెట్టక తెచ్చిన నెయ్యి."

"మల్ల చూసేదేం లేదు."

భద్రమ్మ గిన్నెలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. "బాగనే ఉన్నది గదా," అంది మెల్లగా.

"నీకేం తెలుసు?" అన్నాను.

సోమక్క ఒక కుండ తల మీద, ఒకటి చంకలో పెట్టుకుంది. గడప దగ్గర తిరిగి, "మీ అయ్య ఉన్నప్పటి సంది నెయ్యి పోత్తాన. గీ మాట ఎవ్వలు అనలె," అని వెళ్లిపోయింది.

దుకాణానికి మాట రాకుండా కాపాడుకున్నాను. మంచం మీదున్నా నా నాలుక పని చేస్తూనే ఉంది.

జనవరి 25

చేసింది సరైన పనే.

జనవరి 27

చింతపండు చారు చేదు. పప్పు చేదు. పాలు మరీ చేదు; పాలవాడు బర్రెకి వేపాకు మేపుతున్నాడేమో అడగమన్నాను. భద్రమ్మ అడిగొస్తానని వెళ్లి, అడగకుండానే తిరిగొచ్చింది. ముఖం చూస్తే తెలిసింది. ఏమైందన్నాను. "ఏం లేదు, తినుండ్రి," అంది.

గల్లీ చివరి దాకా నడిచాను.

ఫిబ్రవరి 1, బుధవారం

సారంగపాణి వచ్చాడు. ఆ రోజు సోమక్క మా ఇంటి నుంచి వెళ్లి బజారులో ఐదు దుకాణాలు ఎక్కిందట. అతని దుకాణమూ ఎక్కిందట. ఎవరూ ముట్టుకోలేదట.

"నువ్వు కాదన్నంక ఇంకెవలు తీసుకుంటరే? నేనే అందరికి చెప్పిన, రాజమన్న కాదన్నడని."

మా నాన్న మాటకి కూడా ఇంత విలువ ఉండేది కాదు.

ఆ కుండలు మళ్లీ బస్సులో మోసుకుని పోయి ఉంటుంది. పోనీ. కల్తీ చేసినవాళ్లు ఆ మాత్రం మోయాలి.

ఇవాళ నడవలేదు. కోత దగ్గర ఏదో సలుపు.

ఫిబ్రవరి 4, శనివారం

డాక్టరుగారికి చూపించుకున్నాను. గాయం శుభ్రంగా మానుతోందన్నారు. కళ్లు, గోళ్లు చూశారు. కామెర్ల పసుపు పూర్తిగా పోయిందట. కాగితం మీద ఏదో రాసుకుంటూ అడిగారు.

"నోరెట్లున్నది?"

"అంటే?"

"చేదుగున్నదా? కొందరికి ఈ ఆపరేషన్ తర్వాత నెల, రెండు నెలలు గట్లనే ఉంటది. ఈ గోలీలు మింగితె ఇంకింత. పాలు తాగినా వేపరసం తాగినట్టే అంటరు. ఫికర్ చేయకుండ్రి, దానంతట అదే పోతది."

కొంచెం చేదుగా ఉందన్నాను.

నెయ్యి సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఫిబ్రవరి 5

రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 6, సోమవారం

మధ్యాహ్నం భద్రమ్మను పిలిచి మూడు గిన్నెలు తెమ్మన్నాను. ఒకదాంట్లో మన నెయ్యి, ఒకదాంట్లో వనస్పతి, ఒకదాంట్లో ఆముదం. ఏది ఏదో నాకు చెప్పొద్దన్నాను. కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని, ఒక్కొక్కటీ నాలుక మీద రాసుకుని ఉమ్మేశాను.

మూడూ ఒక్కటే. మూడూ చేదే.

కళ్లు తెరిచేసరికి ఆమె నాలుగో గిన్నె పట్టుకుని ఉంది. ఆ రోజు నేను వేలు పెట్టిన గిన్నె. కడగకుండా దాచిందట. అడుగున నెయ్యి గడ్డకట్టి ఉంది. పూస పూసగా, ఇసుక రవ్వలాగా. అరచేతిలో వేసుకుంటే కరిగి మణికట్టు దాకా జారింది. వాసన చూశాను. వెన్న కాచిన ఇల్లే కళ్ల ముందు నిలబడింది.

ఒక మాట ఇక్కడ రాయాలి. ఆ మంగళవారం నాడు కూడా నేను వాసన చూశాను. ముందు వాసనే చూశాను. కమ్మగా ఉంది. కుండలో పూస కూడా కనబడింది. ఆ సంగతి ఈ డైరీలో రాయలేదు. ఇందులో నిజం రాస్తే చూసేదెవరు, అయినా రాయలేదు.

ముక్కూ కళ్లూ చెప్పింది వినలేదు. నాలుకే గొప్పదనుకున్నాను. ఎందుకంటే బజారు మెచ్చుకునేది దాన్నే.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"జావ మాడిందన్ననాడే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పిన గదా, బాగనే ఉన్నదని. నాకేం తెలుసన్నరు."

ఫిబ్రవరి 7, మంగళవారం

ఇవాళ సోమక్క రావలసిన రోజు. చీకటి పడేదాకా దుకాణం అరుగు మీదే కూర్చున్నాను. రాలేదు.

ఫిబ్రవరి 8

మరిపెడ పోవాలి.

భద్రమ్మ ఒక కార్డు ముక్క రాస్తే సరిపోతుందంటుంది. కాదంటే బస్సు కండక్టరుతో చెప్పి పంపుదామంటుంది. నలుగురి ముందు అన్న మాట కార్డు ముక్కలో ఎలా వెనక్కి తీసుకుంటాను? సోమక్కకు చదువు కూడా రాదు. ఇంకెవరో చదివి పెట్టాలి.

ఆపరేషన్ నాటి నుంచి లెక్కేస్తే, బస్సెక్కడానికి ఆరు వారాల గడువు పదమూడో తారీకున తీరుతుంది. పద్నాలుగున పోతాను. ఈ లోగా కాళ్లలో బలం రావాలి.

ఫిబ్రవరి 9

పొద్దున రెండుసార్లు గల్లీ చివరికి. సాయంత్రం రెండుసార్లు.

ఫిబ్రవరి 11

స్టేషను దాకా నడిచి వచ్చాను. మధ్యలో మూడు చోట్ల కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు రిక్షావాడు వెంటపడ్డాడు. ఎక్కలేదు.

ఫిబ్రవరి 12

స్టేషను దాకా. ఒక్కచోటే కూర్చున్నాను.

ఫిబ్రవరి 14, మంగళవారం

వెళ్లొచ్చాను. ఒళ్లు హూనమైంది. అయినా అంతా రాస్తాను. ఈసారి ఏదీ వదలను.

తెల్లవారగానే మొదటి బస్సు. భద్రమ్మ తోడొస్తానంది. దుకాణం మూయొద్దన్నాను. అసలు కారణం అది కాదు. సోమక్క తిడుతుంది, ఆ తిట్లు భద్రమ్మ ముందు తినడం నాకిష్టం లేదు. ఆమె ఊరికే నా వంక చూసి, దిండొకటి చేతికిచ్చింది.

వర్ధన్నపేట దాటేదాకా పర్వాలేదు. తర్వాత రోడ్డంతా గుంతలు. ప్రతి గుంతకీ కడుపులో ఎవరో చెయ్యి పెట్టి తిప్పినట్టే. దిండు అదిమి పట్టుకుని ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాను. కండక్టరు చూసి, "ఏమైంది పెద్దమనిషీ?" అన్నాడు. కోత అన్నాను. డ్రైవరు దగ్గరికి వెళ్లి ఏం చెప్పాడో, తొర్రూరు దాకా బస్సు కొంచెం మెల్లగా నడిచింది.

మరిపెడలో దిగి సోమక్క పల్లెకి ఎడ్లబండి మీద మూడు మైళ్లు. బండి కుదుపు బస్సు కంటే ఎక్కువ. సగం దూరం దిగి నడిచాను.

ఇల్లు చూపించారు. పాక పక్కన కొట్టంలో నాలుగు బర్రెలు. సోమక్క పేడ ఎత్తుతోంది. నన్ను చూసింది. తట్ట దించలేదు.

"ఏం సావుకారి, గింత దూరమొచ్చినవ్? ఇంకేమన్న అనుడు బాకీ ఉన్నదా?"

"తప్పు నాది సోమక్కా," అన్నాను. దారంతా ఎన్నో మాటలు కూర్చుకుని పోయాను; అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆపరేషనైన కాడికెల్లి నా నోరు చేదు. పాలు చేదు, నీళ్లు చేదు. నీ నెయ్యి మంచిదే. నాలుకే చెడ్డది."

ఆమె తట్ట తీసుకెళ్లి పెంటకుప్ప మీద బోర్లించి వచ్చింది. చేతులు కడుక్కుంది. నేను నిలబడే ఉన్నాను. చివరికి మంచం వాల్చి, "కూసో. పడిపోతవ్," అంది.

కూర్చున్నాక చెప్పింది. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు రెండు కుండలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. ఊళ్లో దిగేసరికి దాయాదులు వచ్చారట. నెయ్యి ఎందుకు తిరిగొచ్చిందని అడిగారట.

"నువ్వన్న మాటే చెప్పిన. ఏం జెప్పాలె మరి? మా మరిది యాకయ్య నా మొఖం మొఖం చూసి, ‘వదినా, నువ్వు గిట్ల ఏమన్న కలిపినవా’ అన్నడు. మా మరిది సావుకారీ! వాని పెండ్లి నేను జేసిన. అప్పటి సంది నా ఇంటికి ఒక్కలు నెయ్యి తెత్తలేరు. నువ్వు నా నెయ్యిని అన్నవనుకున్నవ్. నువ్వు నన్నన్నవ్."

యాకయ్యను పిలిపించమన్నాను, అతని ముందు చెప్తానన్నాను. వద్దంది.

"ఈడ నా వాకిట్ల చెప్తె ఏం ఫాయిదా? అన్నది ఏడ? బజార్ల అన్నవ్. బజార్లనే చెప్పు. యాకయ్యను నేను తోల్కొస్త, వాడు ఇనాలె. అయిదు దుకాన్లు ఎక్కిన నేను. ఆ అయిదు గడపల ముంగట నిలబడి నువ్వు చెప్పాలె."

"చెప్తాను," అన్నాను. వెంటనే అన్నాను. బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట బరువు తెలియలేదు.

లోపలికి వెళ్లి ముంతలో జొన్న అంబలి తెచ్చింది. తాగాను.

"ఎట్లున్నది?"

"చేదు," అన్నాను.

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కోత పట్టేసి వంగిపోతే, "అయ్యయ్యో, దిండు పట్టు, దిండు పట్టు," అని తానే అందించింది.

నవ్విందంటే క్షమించిందని కాదు. వచ్చేటప్పుడు మళ్లీ చెప్పింది: "అయిదు గడపలు."

ఫిబ్రవరి 15

లేవలేదు. గాయం ఎర్రబడింది. భద్రమ్మ వేడి గుడ్డతో కాపడం పెట్టింది. ఒక్క మాట కూడా దెప్పలేదు.

ఫిబ్రవరి 17

భద్రమ్మకు అంతా చెప్పాను. ఒకటే అడిగింది.

"నాలుక పోయిందని బజార్ల మీరే చెప్తె, రేపు మన దుకాణానికి ఎవలొస్తరు?"

"రారేమో."

"మల్ల?"

"మల్లేముంది? చెప్పాలె."

ఫిబ్రవరి 18, శనివారం

సారంగపాణికి కూడా చెప్పాను. గాభరా పడ్డాడు.

"పిచ్చా నీకు? నాలుక పోయిందంటె నెయ్యి బేరగాడు సచ్చినట్టే గదనే. గింత చిన్న పనికి గంత మాటెందుకు? కుండలు మారినయ్ అను. ఆ దినం ఇంకెవలదో కుండ లోపలికొచ్చింది, పొరపాటయిందను. ఆమెకు ఇజ్జత్ దక్కుతది, నీకు నాలుక దక్కుతది."

మంచి ఉపాయమే. ఎవరికీ నష్టం లేదు. సోమక్క పేరు నిలుస్తుంది, నా పేరూ నిలుస్తుంది. ఆ రోజు ఇంకెవరైనా కుండ తెచ్చారా లేదా అని ఎవరికి గుర్తుంటుంది? అలాగే చెప్తాను.

ఫిబ్రవరి 19

అలా చెప్తే ఆ కుండ ఎవరిదని అడుగుతారు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. ఒక మనిషిని కడగడానికి ఇంకో మనిషికి మసి పూయాలి.

ఉన్నదే చెప్తాను.

ఫిబ్రవరి 20

గల్లీ చివరి దాకా నడిచాను. కాళ్లు వణకలేదు. రేపు చెప్పాల్సిన మాట దారంతా వల్లె వేశాను.

ఫిబ్రవరి 21, మంగళవారం

తొమ్మిదింటికి సోమక్క వచ్చింది, నెత్తి మీద కుండతో. వెనకాల యాకయ్య, రెండో కుండతో. పొడుగాటి మనిషి, నా ముఖంలోకి చూడలేదు. వదిన ముఖంలోకీ చూడలేదు.

దుకాణం అప్పుడే తీశాం. నేను కండువా వేసుకున్నాను. భద్రమ్మ కోత మీద పట్టీ బిగించి కట్టింది, గడప దాకా వచ్చి ఆగింది.

మొదటి దుకాణం పెద్దాయన సాంబయ్యది. మా నాన్న ఈడువాడు. మెట్ల కింద నిలబడి చెప్పాను.

"పెద్దయ్యా, నెల కింద సోమక్క నెయ్యి కల్తీ అన్నది నేను. మీరు నా మాట మీద తిప్పి పంపిండ్రు. ఆ మాట తప్పు. ఆపరేషన్ తర్వాత నా నోటికి రుచి తెలుస్తలేదు. నెయ్యి మంచిది. ఈమె మంచిది. తప్పు నాది."

సాంబయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా. గట్టిగా మాట్లాడితే కోత గుంజుతుంది. దారిన పోయేవాళ్లు ఆగారు.

రెండో దుకాణంలో విని ఊరుకున్నారు. మూడో చోట అప్పటికే పది మంది పోగయ్యారు. దుకాణమాయన కట్టయ్య, నాతో ఎప్పుడూ సరిపడదు. అందరూ వినేలా అన్నాడు.

"అయితె ఒక్క మాట చెప్పు. నెల సంది నీకు రుచి తెల్వదంటివి. ఈ నెలల నీ దుకాన్ల నెయ్యి ఎవలు చూసిండ్రు? జనానికి నువ్వేం పోసినవ్?"

నవ్వులు. ఆ ప్రశ్న నేనెన్నడూ వేసుకోలేదు. జవాబు మాత్రం నా ఇంట్లోనే ఉంది.

"మా ఇంటామె చూసింది," అన్నాను. "ఆమె బాగుందన్న నెయ్యే అమ్మినం. సోమక్క నెయ్యిని కూడ ఆ దినం ఆమె బాగుందనే అన్నది. నేనే ఇనలే."

ఇంకా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. చెమట కళ్లలోకి కారుతోంది. నాలుగో గడప దగ్గర కాళ్లు తేలిపోయాయి. పడబోతే ఒక చెయ్యి వచ్చి నా రెక్క పట్టుకుంది. చూస్తే యాకయ్య. కుండ కింద పెట్టేసి పట్టుకున్నాడు.

"సాలు సావుకారి," అన్నాడు. "నాకర్థమయింది. ఇంటికి పోదాం."

"ఇంకొకటున్నది," అన్నాను.

ఐదోది సారంగపాణిది. గల్లా ముందు కూర్చుని, నన్ను చూడగానే తల దించుకున్నాడు. చెప్పాను. ముగిసేసరికి అతను లేచి మెట్లు దిగి వచ్చి సోమక్క ముందు నిలబడ్డాడు. "ఆ మాట గడపగడపకు మోసింది నేనే అక్కా. ఏమనుకోకు. నెయ్యి నా దుకాన్లనే పొయ్యి," అన్నాడు.

సోమక్క అతన్ని పట్టించుకోలేదు. యాకయ్య వైపు తిరిగింది. నడిబజారులో, నలుగురూ వింటుండగా అడిగింది.

"ఇన్నవా?"

"ఇన్న వదినా."

"ఇప్పుడడుగు. కలిపిననా?"

ఆ పొడుగాటి మనిషి అందరి ముందు వంగి ఆమె పాదాలు ముట్టుకున్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నెల రోజుల్లో ఆమె కన్నీళ్లు నేను చూసింది అప్పుడే.

తర్వాత కుండలు మా దుకాణానికి తెచ్చింది. నేను దించుకోబోతే పక్కకు జరిగింది. "నీకు కాదు. గీ అమ్మకు. ఆనాడు బాగుందన్నది ఈమె ఒక్కతే," అని భద్రమ్మ చేతికిచ్చింది.

రాసి రాసి చెయ్యి నొస్తోంది. కోత కూడా. నిద్ర మాత్రం వస్తుంది.

ఫిబ్రవరి 24

పాత ఖాతాదార్లు ఇద్దరు ముగ్గురు రాలేదు. కట్టయ్య దుకాణం ముందు కనబడ్డారు.

ఫిబ్రవరి 27

ఒకాయన గిన్నె పట్టుకొచ్చి, "నువ్వొద్దు గని, మీ ఇంటామెను పిలువ్," అన్నాడు. పిలిచాను. ఆమె రుచి చూసి చెప్పింది. అతను తీసుకుని పోయాడు. మండింది. అబద్ధమెందుకు, బాగా మండింది. లేచి స్టేషను దాకా నడిచొచ్చాను, ఎక్కడా కూర్చోకుండా.

మార్చి 2

గద్దె మీద భద్రమ్మ కూర్చుంటోంది. నేను పక్కన తక్కెడ దగ్గర. బరువులు ఎత్తడానికి డాక్టరుగారు ఇంకా ఒప్పుకోలేదు, చిన్న రాళ్లే పెడుతున్నాను. నెయ్యి చూసేటప్పుడు ఆమె ఎలా చూస్తుందో గమనిస్తున్నాను. తొందరపడదు. వాసన చూసి ఆగుతుంది. నాలుక మీద పెట్టి మళ్లీ ఆగుతుంది. నేను ఎన్నడూ ఆగింది లేదు.

మార్చి 5, ఆదివారం

పొద్దున జావ తాగుతుంటే ఏదో తేడాగా అనిపించింది. రెండో గుక్కకి తెలిసింది. జావ. ఉప్పేసిన బియ్యపు జావ. చేదు లేదు. ఇంకో గ్లాసు అడిగాను. భద్రమ్మకి చెప్పాను. ఆమె నుదుటికి చేతులు జోడించింది.

"అయితె రేపటి సంది గద్దె మీద మీరు కూసుంటరా?" అంది.

కూర్చుంటాననే నోటిదాకా వచ్చింది. "నువ్వే కూసో. నేను తక్కెడ చూస్త," అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. మాట వెనక్కి తీసుకోలేదు.

మార్చి 7, మంగళవారం

సోమక్క వచ్చింది. ఈసారి మూడు కుండలు. దాయాదులందరూ మళ్లీ నెయ్యి పోస్తున్నారట. యాకయ్య భార్య అందరికంటే ముందు తెచ్చిందట.

"కడుపెట్లున్నది సావుకారి?" అంది నన్ను చూసి.

"మానింది."

"నోరు?"

"అదీ మానింది."

"మంచిది," అంది. కుండ మాత్రం నా వైపు జరపలేదు.

భద్రమ్మ మూత తీసింది. వాసన చూసి ఆగింది. అరచేతిలో వేసుకుని పూస చూసింది. వేలి కొసతో నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. గద్దె ముందు నేనూ సోమక్కా పక్కపక్కన నిలబడి, ఆమె ఏమంటుందోనని చూశాం.

"బాగున్నది. పొయ్యి," అంది భద్రమ్మ.